నలభై రెండు దగ్గర

హబ్సిగూడలో మా లాబ్ మూడో అంతస్తు,
పైన రేకుల కప్పు.
మే నెలంతా ఆ రేకులు
అప్పడాలు వేగుతున్నట్టు చిటపటమంటాయి.

నా ఫ్లాస్కులోది
చాదర్‌ఘాట్ వంతెన కింద మూసీలో
ముక్కు మూసుకుని ముంచిన సీసాలోంచి వచ్చిన వైరస్.
మనుషుల జోలికి రాదు.
దానికి బాక్టీరియా చాలు.

వచ్చీ రాగానే ఇల్లు కూల్చదు.
ఒక్కోసారి తన తాడును ఇంటి తాడులో పేనేసుకుని
పడుకుంటుంది.
కణం రెండైతే తనూ రెండు,
నాలుగైతే నాలుగు.
కిరాయి లేదు, రసీదు లేదు,
ఇంటివాడికి తెలిసే దారీ లేదు.

నిద్రే కదా అనుకున్నాను మొదటి ఏడాది.
కాదు.
నిద్ర ఒక పని.

దాని జన్యువుల్లో ఒకటి మేలుకుని
ఒకే ఒక్క ప్రొటీన్‌ను చేస్తూ ఉంటుంది.
అది జతలు జతలుగా పోయి
ఎడమ తలుపు మీదా కుడి తలుపు మీదా కూర్చుంటుంది.
తలుపుల వెనక
తలలు, తోకలు, గోడ పగలగొట్టే గునపం,
అన్నీ ఇంకా రాతలోనే.
కూర్చున్న చోటునుంచే
తనను వండే పొయ్యిని ఎగదోస్తుంది,
మరీ మండితే తనే నీళ్ళు చల్లుతుంది.
కణం చీలిన ప్రతిసారీ కాపలా పలచబడుతుంది
కనక మళ్ళీ చేయాలి.
మళ్ళీ.
అలాంటిదే ఇంకో వైరస్ బయటినుంచి దూరినా
దాని నోరూ ఈ కాపలాయే మూస్తుంది.

మామూలు రకమైతే
ఎండ దెబ్బకి ఇంటి తాడు తెగినప్పుడు
బాగుచేయడానికి లేచిన వాళ్ళ గోల విని
కాపలా తనను తానే రెండుగా తెంపుకుంటుంది.
నాది మామూలు రకం కాదు.
దాని కాపలాలో ఒక్క అక్షరం తప్పు.
ముప్పై డిగ్రీల్లో కదలదు మెదలదు,
నలభై రెండు దగ్గర
వెన్నముద్ద.

ఆ మంగళవారం ఒంటిగంటకి
ఎనిమిదో వీధి ట్రాన్స్‌ఫార్మర్ పేలింది.
జనరేటర్‌లో డీజిల్ లేదన్నారు.
నేను తార్నాకలో జిరాక్సు తీయించుకుని వచ్చేసరికి
బియ్యం కడుగులా ఉండాల్సిన ఫ్లాస్కు
తేటగా, మంచినీళ్ళలా ఉంది.
అడుగున ఏవో సన్నటి పోగులు.

"నేను ముట్టలే మేడమ్,"
గాజుసామాను కడిగే మొగులమ్మ ముందే అంది,
"ఎవరన్న కడిగి నీళ్లు వోసిన్రో ఏమో."

ఎవరూ కడగలేదని చెప్పాను.
లోపలివి లేచాయి,
ఒక్కో ఇంట్లోంచి వందేసి బయటికొచ్చాయి,
ఇళ్ళు లేవు.

"గిన్ని దినాలు సప్పుడు జెయ్యకుంట ఎట్లున్నయి?"

సప్పుడు చేయనివ్వనిది ఒకటుంటుంది మొగులమ్మా,
అది ఊరికే ఉండదు,
రోజూ తయారుచేసుకోవాలి.

తను గ్లౌజుల డబ్బా అట్టతో విసురుకుంటూ
స్టూలు మీద కూర్చుంది.
ప్రతి మార్చి ముప్పై ఒకటిన
పని మానేసినట్టు సంతకం,
ఏప్రిల్ రెండున కొత్తగా చేరినట్టు సంతకం.
పంతొమ్మిది సార్లు కొత్త.
ఒక్కసారీ ఆఫీసు తలుపు కొట్టగా చూడలేదు.

"ఒక్క అచ్చరమే?" అంది చాలాసేపటికి.
అవును.
"గింత ఎండకే?"
అవును.

ఆరు దాటాక కరెంటొచ్చింది.
ఫ్రిజ్ దగ్గి, మూలిగి మొదలైంది.
మూడు వారాల పని పోయింది, నేను ఏడవలేదు,
నోట్‌బుక్‌లో తారీకు, టైము, గది వేడి రాసుకున్నాను.

"దీన్ని సంపాల్నా, ఉంచాల్నా?"
మొగులమ్మ ఫ్లాస్కును కిటికీకి ఎత్తి పట్టింది.
పొద్దుట దాని గుండా ఏమీ కనిపించేది కాదు.
ఇప్పుడు అందులోంచి మెట్రో రైలు
లైట్లు వేసుకుని, తలకిందులుగా,
నాగోలు వైపు పోతోంది.